పీఎన్‌గేజ్ ఎఫ్ వేసినా బ్యాండ్ కిందికి దిగడం లేదా? ముందు ఇవి చూడండి

మీ ప్రోటీన్‌లో ఎన్-గ్లైకోసైలేషన్ సైటు (ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లానికి చక్కెర గొలుసు తగులుకునే చోటు) ఉందని సీక్వెన్స్ చెబుతోంది, ఆ గొలుసుని కోసే ఎంజైమ్ పీఎన్‌గేజ్ ఎఫ్ వేసి రాత్రంతా ఉంచినా జెల్ మీద బ్యాండ్ (గొలుసు ఊడితే ప్రోటీన్ తేలికై కిందికి దిగాలి) ఉన్నచోటే ఉంది, ఎంజైమ్ పాడైపోయిందా అని అడిగారు. హైదరాబాద్‌లో బయోసిమిలర్ల (బయోలాజిక్ మందులకి దగ్గరి ప్రతిరూపాల) క్వాలిటీ ల్యాబ్‌లో చాలాకాలం ఇదే పని చేశాను. ఎంజైమ్ నిజంగా పాడైన సందర్భాలు నేను చూసినవి చాలా తక్కువ. కొత్త వయల్ ఖరీదు తెలుసు కదా, ఆర్డర్ పెట్టే ముందు మిగతావి చూడండి.

పక్క ట్యూబులో కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి, ఆర్‌ఎన్‌ఏజ్ బి అనే ప్రోటీన్ పెట్టండి. దానికి ఒకే ఒక్క చక్కెర గొలుసు ఉంటుంది. ఎంజైమ్ బాగుంటే బ్యాండ్ సుమారు 17 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) నుంచి 13.7 దగ్గరికి దిగుతుంది. అది దిగి మీది దిగలేదంటే ఎంజైమ్‌ది తప్పు కాదు.

అప్పుడు డీనేచర్ చేసిన తీరు చూసుకోండి. 0.5 శాతం ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్), డీటీటీ (ప్రోటీన్‌లోని సల్ఫర్ బంధాలు తెంచేది) కలిపి 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉడికిస్తే ప్రోటీన్ మడతలు విడి, గొలుసు మొదలు ఎంజైమ్‌కి అందుతుంది. కానీ అదే ఎస్‌డీఎస్ ఎంజైమ్‌ని కూడా ఆపేస్తుంది. అందుకే చల్లారాక 1 శాతం ఎన్‌పీ-40 (ఎస్‌డీఎస్ ప్రభావాన్ని తగ్గించే మరో డిటర్జెంట్) తప్పనిసరిగా కలపాలి. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్ల నోట్‌బుక్కుల్లో ఎక్కువగా కనిపించని స్టెప్ ఇదే.

అదీ సరిగ్గానే ఉంటే ప్రోటీన్ ఎక్కడ తయారైందో చూడాలి. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది. పీఎన్‌గేజ్ ఎఫ్ కోసేది ఆస్పరజీన్‌కీ, గొలుసులో మొదటి ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్‌కీ మధ్య. ఆ మొదటి చక్కెరకి ఆల్ఫా-1,3 బంధంతో ఫ్యూకోజ్ అనే మరో చక్కెర తగిలించి ఉంటే ఎంత ఎంజైమ్ పోసినా కోయదు. మొక్కల ప్రోటీన్లలో ఇది మామూలే, కొన్ని పురుగుల కణాల్లోనూ ఉంటుంది. ఒకసారి పొగాకు జాతి మొక్క ఆకుల్లో తయారుచేసిన యాంటీబాడీ మా దగ్గరికి వచ్చింది. కంట్రోల్ చక్కగా దిగింది, శాంపిల్ కదల్లేదు. చివరికి బాదం నుంచి తీసే పీఎన్‌గేజ్ ఏ వాడాం. అది ఫ్యూకోజ్‌ని పట్టించుకోదు. కాకపోతే మొత్తం ప్రోటీన్ మీద సరిగా పనిచేయదు, ముందు ట్రిప్సిన్ అనే ప్రోటీన్లు కోసే ఎంజైమ్‌తో ముక్కలు చేయాలి. ముక్కలైపోయాక బ్యాండ్ చూసే వీలుండదు కాబట్టి ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి వెళ్లాం. గొలుసు ఊడినచోట ఆస్పరజీన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారి ద్రవ్యరాశి దాదాపు 1 డాల్టన్ పెరుగుతుంది. సైటు అలా దొరికింది.

ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి ఉంటే ఇంత ఆలోచన అక్కర్లేదు, మామూలు స్ట్రెయిన్లు ఆ గొలుసే కట్టవు. సైటు ఉన్నంతమాత్రాన గొలుసు ఉన్నట్టు కాదు. బ్యాండ్ కొంచెమే దిగి ఆగితే ఓ-గొలుసులు (సెరిన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలకి తగిలే చక్కెర గొలుసులు) మిగిలి ఉండొచ్చు. ఎర్ర రక్తకణాలు పెంచే హార్మోన్ ఎరిత్రోపోయెటిన్‌కి ఎన్-గొలుసులు 3, ఓ-గొలుసు 1. ఆ ఒక్కదాన్ని పీఎన్‌గేజ్ ఎఫ్ ముట్టుకోదు.

ఇంకో మాట. 36 కిలోడాల్టన్ల దగ్గర కొత్త బ్యాండ్ కనబడితే అది ఎంజైమ్‌దే. ఎంజైమ్ మాత్రమే వేసిన లేన్ ఒకటి పక్కన పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. మీ ప్రోటీన్ ఏ కణాల్లో తయారైందో, ఎన్‌పీ-40 వేశారో లేదో రాయండి, తర్వాత ఏ ఎంజైమ్‌కి వెళ్లాలో చెబుతాను.