అడిగితే చెప్తా: కిరాయి సైటు, సొంత సైటు, ఒక నైటు గారి జాగీరు

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. నాన్న పెట్టింది. వెబ్‌సైట్ పెట్టుకుందామంటే ఒక కంపెనీ వాళ్లు "ముందు పైసా కట్టొద్దు, నెలకు 1,500 కిరాయి ఇవ్వండి, అంతా మేమే చూసుకుంటాం" అంటున్నారు. హన్మకొండలో ఒక అబ్బాయేమో "45,000 ఒక్కసారి ఇస్తే సైటు మీ సొంతం, హోస్టింగ్, డొమైన్ కలిపి ఏటా 6,000 అవుతుంది" అంటున్నాడు. మా ఇంటావిడ సొంతం వైపే. మీరేమంటారు మేడం?
- ఒక దుకాణదారు, కొత్తవాడ

జవాబు: అకౌంటెన్సీ చెప్పి రిటైరైనదాన్ని, ముందు లెక్క చూడకుండా నోరు తెరవలేను. కిరాయి ఏడాదికి 18,000. సొంతమైతే మొదట 45,000, పైన ఏటా 6,000. మూడేళ్ల తొమ్మిది నెలలకు రెండూ 67,500 దగ్గర కలుస్తాయి. ఆ తర్వాత కూడా అదే సైటు నడిపితేనే సొంతం చవక. ఈలోపు డిజైన్ పాతబడిందని మార్పించారా, మళ్లీ ఖర్చు. బిల్లులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో, పైన పడుతుందో ఇద్దరినీ అడగండి. ఏమైనా డబ్బు దగ్గర మాత్రం కొంపలు మునిగే తేడా లేదు.

మీరు అడగాల్సింది వేరే ఉంది. ఆ అబ్బాయి సొంతం అంటున్నాడే, ఏవేవి సొంతం? సైటు అంటే ఒక్క వస్తువు కాదు. పేరు ఒకటి, అది ఉండే చోటు, అంటే హోస్టింగ్, ఒకటి, లోపలి కోడ్, డిజైన్ ఒకటి, ఫొటోలు, రాతలు ఒకటి. వీటిలో పేరు, అంటే డొమైన్, ఎవరికీ శాశ్వతంగా సొంతం కాదు. డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా ఒక విడతకు 10 ఏళ్లకు మించి ఇవ్వరు. గడువు దాటితే డాట్ కామ్ పేరుకు కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది, తర్వాత 30 రోజులు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు, అదీ దాటితే ఎవరైనా కొనుక్కుంటారు. కాబట్టి చూడాల్సింది రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంది, ఎవరి ఈమెయిల్ ఉంది, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది అన్నదే.

స్టేషన్ రోడ్డులో నాకు తెలిసిన ఒక చీరల షాపు ఉంది. సైటు చేసిన పిల్లాడు డొమైన్‌ను తన మెయిల్ మీదే తీసుకున్నాడు. మోసం చేద్దామని కాదు, అప్పటికి అదే సులువనిపించింది. తర్వాత ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లాడు, నంబర్ మారింది. రెన్యువల్ మెయిళ్లు ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడ్డాయి, పేరు చేయి జారింది. షాపువాళ్లు ఆ పేరు అచ్చేయించిన సంచులు గోదాం నిండా ఉన్నాయి. మొన్న వెళ్తే కౌంటర్ మీది అమ్మాయి ఒక్కో సంచి మీద పాత పేరు కనబడకుండా ఫోన్ నంబర్ స్టిక్కర్ అంటిస్తోంది. వాళ్లది సొంత సైటే సుమా, కిరాయిది కాదు.

ఇక కోడ్ సంగతి. డబ్బిచ్చాం కాబట్టి మనదే అనుకుంటారు అందరూ. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. మీ దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి చేస్తే మీది. బయటి మనిషితో పని చేయించుకుంటే చేసినవాడే మొదటి హక్కుదారు, రాతపూర్వకంగా మీకు బదలాయిస్తే తప్ప. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం లెక్క. ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే. ఫొటోలది మాత్రం వేరే దారి. మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద, ఒప్పందంలో ఇంకోలా లేకపోతే, మొదటి హక్కు మీదే. అందుకని ఫొటోగ్రాఫర్‌ని మీరే పిలిపించుకోండి, ఒరిజినల్ ఫైళ్లు మీ దగ్గరే పెట్టుకోండి. జంపఖానా అంచు దగ్గర నేత కనపడేలా నాలుగు ఫొటోలు తీయించండి. దూరం నుంచి తీస్తే ప్లాస్టిక్ చాపకూ దానికీ తేడా తెలియడం లేదు.

నా మాటగా అయితే, మీలాంటి దుకాణానికి మొదటి ఏడాది కిరాయే మంచిది. ఆన్‌లైన్‌లో జంపఖానాలు ఎన్ని పోతాయో ఇంకా మీకే తెలియదు. కానీ డొమైన్ మీరే, మీ కార్డుతో, మీ మెయిల్‌తో కొనండి. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి లోపే. మా పేరు మీ సైటుకు తగిలించండి అంటే ఒప్పుకోని కంపెనీకి అక్కడే దండం పెట్టేయండి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేజీ, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే ఖాతా కూడా మీ పేరనే ఉండాలి. మానేసిన రోజు సరుకుల జాబితా, ఆర్డర్లు, కస్టమర్ల నంబర్లు ఎక్సెల్ ఫైల్‌గా ఇస్తారా అని రాయించుకోండి. చాలా కిరాయి సైట్లలో డిజైన్ బయటికి రాదు, పోతే పోనీ. నంబర్లు పోతే మాత్రం దుకాణం షట్టర్ దించినట్టే. ఆర్డర్లు నిలకడగా వస్తున్నాయంటే అప్పుడు ఆ అబ్బాయిని పిలిచి, బదలాయింపు కాగితంతో సహా, 45,000 ఇవ్వండి.

ఇంకో మాట. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ గుర్తు సైటులో వేసుకోవాలంటే అధీకృత వాడుకరిగా నమోదై ఉండాలి. మీరు నమోదు చేసుకున్నారా?

ప్రశ్న: నాన్న ఉత్తరంలోనే నాదీ రాస్తున్నాను. డిగ్రీలో యూరప్ చరిత్ర చదువుతున్నాను. సినిమాల్లో నైట్లంటే, ఆ గుర్రపు యోధులంటే, ఆడవాళ్లను, పేదలను కాపాడేవాళ్లు. పుస్తకంలో చూస్తే దోపిడీదార్లు. వీళ్లు ఎప్పుడు మారారు?
- ఆయన కూతురు

జవాబు: మంచివాళ్లు చెడ్డవాళ్లయ్యారనో, చెడ్డవాళ్లు మంచివాళ్లయ్యారనో రాయకమ్మా, మార్కులు పోతాయి. వాళ్లకు కూడు ఎక్కడి నుంచి వస్తుందో అది మారినప్పుడల్లా నడత మారింది. అలా చూస్తే నీ ప్రశ్నకూ మీ నాన్న ప్రశ్నకూ పెద్ద దూరం లేదు.

మొదట్లో నైటంటే గుర్రం, ఇనుప చొక్కా ఉన్న మనిషి, అంతే. ఎవరిని కొడుతున్నాడో చూసుకునేవాడు కాదు. 989లో ఫ్రాన్స్‌లోని షారూలో బిషప్పులు కూడి, చర్చిలు దోచేవాళ్లను, ఆయుధం లేని మతగురువులను కొట్టేవాళ్లను, రైతుల గొర్రెలు, ఎడ్లు, గాడిదలు, ఆవులు, మేకలు, పందులు ఎత్తుకుపోయేవాళ్లను మతం నుంచి వెలివేస్తామన్నారు. జాబితా అంత వివరంగా రాశారంటే అవన్నీ రోజూ జరుగుతున్నాయనేగా. 1027 నుంచి వారంలో కొన్ని రోజులు కొట్లాటే వద్దన్నారు. 1095లో పోప్ అర్బన్ 2 క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం మతయుద్ధానికి, పిలిచి, ఆ కత్తులను తూర్పుకు తిప్పాడు.

భూమి సంగతి చూడు. నైటుకు ప్రభువు ఇచ్చిన భూమి సొంతం కాదు, సేవ చేసినన్నాళ్లే. ఆనవాయితీ ప్రకారం ఏడాదికి 40 రోజులు తన ఖర్చుతో యుద్ధానికి రావాలి. తండ్రి పోతే కొడుకు డబ్బు కట్టి మళ్లీ తీసుకోవాలి. ప్రభువులు ఇష్టమొచ్చినంత గుంజుతున్నారని 1215లో ఇంగ్లండ్ రాజు చేత ఒప్పించుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా ఒక నైటు భూమికి 100 షిల్లింగులు మించొద్దని గీత గీసింది. రెన్యువల్ ఫీజుకు పరిమితి పెట్టించుకున్నారన్నమాట. మన దగ్గర జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఇంగ్లండ్‌లో నైటు సేవ మీద భూమి ఇచ్చే పద్ధతి 1660లో పోయింది.

భూమి లేని చిన్నకొడుకులు ఏం చేశారు? పోటీ యుద్ధాలకు వెళ్లారు. విలియం మార్షల్ అనే ఆయన అలాగే పైకొచ్చాడు. ఇంకొకడితో వాటా కుదుర్చుకుని సుమారు పది నెలల్లో 103 మంది నైట్లను పట్టారని, ఆ లెక్క వంటింటి గుమాస్తా రాసిపెట్టాడని ఆయన చరిత్రలో ఉంది. పట్టుబడినవాడు గుర్రం, కవచం, డబ్బు ఇచ్చి విడిపించుకోవాలి. 1130లో చర్చి ఈ పోటీలను నిషేధించింది, అందులో చచ్చినవాడికి చర్చి నేలలో చోటు లేదంది. ఎవరూ వినలేదు. 1316లో నిషేధమే ఎత్తేశారు. నువ్వు సినిమాలో చూసే మర్యాద చాలావరకు ఇక్కడ పెరిగింది. చంపితే ఏమీ రాదు, బతికుంటే సొమ్ము. ఆ మర్యాద నైటుకు నైటుకు మధ్యే, రైతుకు వర్తించదు. 1355లో ఇంగ్లండ్ యువరాజు దక్షిణ ఫ్రాన్స్‌లో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టుకుంటూ పోయాడు, దాన్ని ఆయన తోటివాళ్లెవరూ తప్పనుకోలేదు.

అవతలివాడు ఆ ఆటలో లేకపోతే మర్యాదా లేదు. 1302లో కూర్త్రై దగ్గర ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) పట్టణాల నేతగాళ్లు, కసాయివాళ్లు కాలినడకన నిలబడి ఫ్రెంచ్ నైట్లను ఓడించారు. ఖైదీలను పట్టొద్దని ముందే ఆజ్ఞ. చచ్చినవాళ్ల బంగారు స్పర్లు, అంటే గుర్రాన్ని అదిలించడానికి మడమకు కట్టుకునే ముళ్లు, తెచ్చి చర్చిలో వేలాడదీశారు. కొత్తవాడ పిల్లవి, నేతగాళ్ల మాట రాయడం మర్చిపోకు. 1415లో ఫ్రాన్స్‌లోని అజింకూర్ దగ్గర ఇంగ్లండ్ రాజు హెన్రీ 5 తన దగ్గరున్న ఖైదీలనే చంపించాడు.

అప్పటికే ఇంగ్లండ్ నైట్లు చాలామంది జీతానికి యుద్ధం చేస్తున్నారు. రోజుకు 2 షిల్లింగులు, ఎన్నాళ్లు, ఎందరు మనుషులు, దొరికిన సొమ్ములో రాజు వాటా ఎంత, అన్నీ ఒప్పంద పత్రంలో ఉండేవి. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా వంకరగా కోసి, చెరో ముక్క పట్టుకునేవాళ్లు. తగాదా వస్తే ముక్కలు పక్కన పెట్టి అతుకుతాయో లేదో చూడటమే. మీ నాన్నకు చదివి వినిపించు.

ప్రశ్న: మన ఓరుగల్లు కోట 77 బురుజుల నాయకులు కూడా నైట్లలాంటివాళ్లేనా?
- ఒక టీచర్, జనగామ

జవాబు: కొంతవరకు. రాజు ఇచ్చిన ఊళ్ల ఆదాయంతో సైన్యాన్ని పోషించి, పిలిస్తే రావడం ఇక్కడా ఉంది. దాన్నే నాయంకరం అన్నారు. 77 బురుజులకు 77 మంది నాయకులన్నది తర్వాతి కాలం చెప్పుకున్న మాట. ఇక్కడి నాయకుల్లో చాలామంది పెద్ద వంశాలవాళ్లు కారు, కత్తి పట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు. 1323లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యానికి పట్టుబడ్డాక ఊళ్లు ఇచ్చిన యజమానే లేకుండా పోయాడు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లదైంది. ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును ఢిల్లీ చేతుల్లోంచి తిరిగి తీసుకున్నాడు. ఆయన్ని చివరికి చంపింది ఢిల్లీ సైన్యం కాదు, సాటి నాయకులైన రేచర్లవాళ్లు.