ప్రామ్ కంటే ముందు ఆస్పత్రి బిల్లు లెక్క తేల్చండి

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. నా వయసు 31. ప్రైవేటు కంపెనీలో నెలకు 62,000 చేతికొస్తుంది. నా భార్యకు 34,000, ఆమెది థర్డ్ పార్టీ పేరోల్, అంటే జీతం వేసేది మధ్యలో ఉన్న వేరే కంపెనీ. ఇప్పుడు ఆమెకు ఏడో నెల. అద్దె 19,000, ఇంటి ఖర్చు 28,000, పెళ్లప్పుడు తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 11,500, ఫోన్ ఈఎంఐ 3,200, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000, చిట్టీ 10,000, సిప్ 5,000 పోతాయి. సేవింగ్స్ ఖాతాలో 45,000, ఈక్విటీ ఫండ్లలో 1.40 లక్షలు ఉన్నాయి. నా కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు, అందులో కాన్పుకు 50,000 ఇస్తారు. ఆపరేషన్ అయితే ప్యాకేజీ 1.10 లక్షలని ఆస్పత్రిలో చెప్పారు. మామగారిచ్చిన 2017 మోడల్ చిన్న కారు ఉంది. 21వ రోజు బారసాల కాగానే తల్లీబిడ్డల్ని ఖమ్మం తీసుకెళ్తారు, ఐదో నెల దాకా అక్కడే. నా భార్య ఒక ట్రావెల్ సిస్టమ్ చూసింది. ప్రామ్ (పసిబిడ్డను పడుకోబెట్టి తోసే బండి), పసిపిల్లల కారు సీటు, దాన్ని కారు సీటు సందులోని కొక్కేలకు బిగించే ఐసోఫిక్స్ బేస్ అన్నీ కలిపి 54,000. ఆమె అడిగిన వస్తువు అదొక్కటే. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, వడ్డీ లేదు. లేదంటే ఒక యాప్‌లో 60,000 లోన్ రెడీగా ఉంది: ఏడాదికి 16 శాతం, నెలకు 5,800. రెండింట్లో ఏది మేలు? ఏ బ్రాండ్ మంచిది?

జవాబు: మీ ఉత్తరంలో ప్రామ్ గురించి ఇంత వివరంగా రాశారు, ఆస్పత్రి గురించి ఒకటిన్నర వాక్యం రాశారు. అందుకే దీన్ని జవాబుకు తీసుకున్నాను. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరు బారసాలకు ఫంక్షన్ హాలు అంటారు, ఇంకొకరు బిడ్డ వస్తోందని పెద్ద కారు అంటారు. చేసే పొరపాటు మాత్రం ఒకటే. ఇంట్లో ఒక జీతం ఆగిపోయే నెలల్లోనే కొత్త వాయిదా నెత్తికెత్తుకోవడం.

మీరిచ్చిన అంకెలే కూడదాం. ఇద్దరి జీతాలూ 96,000, ఖర్చులన్నీ 84,700. నెలకు 11,300 మిగులుతోంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ప్యాకేజీ 1.10 లక్షల్లో కంపెనీ ఇచ్చేది 50,000 పోను మీ జేబులోంచి 60,000 పెట్టాలి. ఖాతాలో ఉన్నది 45,000. ప్రామ్ ఊసే లేకుండా, ఈ రోజు కాన్పు వస్తే మీకు 15,000 తక్కువ. ఈ సంగతి మీకు తట్టినట్టు లేదు.

ఈ నెలే సిప్ ఆపేసి, మిగిలే డబ్బంతా దాచినా రెండు నెలలకు 32,600 చేరుతుంది. మొత్తం 77,600. ఆస్పత్రికి కట్టాక మిగిలేది 17,600. ఇక ఆమె జీతం రాదనుకోండి. సిప్ లేకుండా మీ ఖర్చులు 79,700, డైపర్లు, టీకాలు, డాక్టర్ ఫీజులకు తక్కువలో తక్కువ 8,000 వేసుకుంటే 87,700. వచ్చేది 62,000. ప్రతి నెలా 25,700 లోటు. అంటే ఆ 17,600 ఒక్క నెల కూడా రాదు. ఫండ్లలో ఉన్న 1.40 లక్షలు కూడా తెచ్చి కలిపితే 1,57,600. ఆరు నెలల లోటు 1,54,200. మీ దగ్గరున్న ప్రతి రూపాయీ ఊడ్చి పెడితే, ఆమె తిరిగి ఉద్యోగంలో చేరే నాటికి చేతిలో మిగిలేది 3,400 రూపాయలు. అదీ ప్యాకేజీ చెప్పినంతలోనే ఆగి, నాలుగో రోజున తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తేనే.

జీతం రాదని నేనెందుకు అనుకుంటున్నానంటే, మీరు "థర్డ్ పార్టీ పేరోల్" అని రాసి ఊరుకున్నారు. చట్ట ప్రకారం కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు హక్కు. కాంట్రాక్టులో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. కానీ ఇలాంటి చోట్ల కాంట్రాక్టు గడువు సరిగ్గా ఆ సమయానికే ముగిసిపోవడం, "రెన్యువల్ తర్వాత చూద్దాం" అనడం కొత్తేమీ కాదు. ఆమె చేత ఈ వారమే పేరోల్ కంపెనీకి మెయిల్ పెట్టించండి. సెలవు ఎప్పటి నుంచి, జీతం ఎవరు వేస్తారు, కాంట్రాక్టు ఎప్పటిదాకా అని మూడు ప్రశ్నలు. జవాబు కాగితం మీద ఉండాలి. మేనేజర్ నోటి మాట లెక్కలోకి రాదు. జీతం వస్తుందని తేలితే సంతోషం. అప్పుడు ఆ డబ్బే మీ అత్యవసర నిధి అవుతుంది.

మీకు ఆ నిధి అసలే లేదు. ఖాతాలోని 45,000ను నిధి అనుకుంటున్నారేమో. అది ఆస్పత్రి కౌంటర్‌లో కట్టాల్సిన డబ్బు. నెల ఖర్చు 87,700 అయితే మూడు నెలలకు 2,63,100 కావాలి. ఆరు నెలల నిధి గురించి ఇప్పుడు మాట్లాడి మిమ్మల్ని భయపెట్టను. ప్రతి కొత్త ఈఎంఐ ఈ నిధిని కూడా పెంచుతుందని మాత్రం గమనించండి. ప్రామ్ కోసం నెలకు 4,500 కట్టడం మొదలుపెడితే మూడు నెలల నిధికి ఇంకో 13,500 కలపాలి. ఉద్యోగం పోయిన నెలలో కూడా కార్డు బిల్లు ఠంచనుగా వస్తుంది మరి.

కాబట్టి ఫండ్లలోని 1.40 లక్షలు ఇప్పుడే బయటికి తీయండి. సగం, సేవింగ్స్ ఖాతాకు ముడిపడి ఎప్పుడైనా తీసుకోగలిగే స్వీప్ ఇన్ డిపాజిట్‌లో, సగం, షేర్ల జోలికి పోకుండా స్వల్పకాలిక అప్పు పత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. మార్కెట్ బాగుంది, ఇప్పుడు తీస్తే లాభం పోతుంది అనకండి. రెండు నెలల్లో కావాల్సిన డబ్బు ఈక్విటీలో ఉండటమే తప్పు. ఏడాది దాటిన యూనిట్లు ముందు అమ్మండి, ఏటా 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు. సిప్ మళ్లీ ఆమె ఉద్యోగంలో చేరాక. చిట్టీ రిజిస్టరైన కంపెనీదో, కాలనీ చిట్టీయో రాయలేదు. కాలనీ చిట్టీ అయితే ఆ డబ్బును ఏ లెక్కలోనూ వేసుకోకండి. కంపెనీదైనా తొందరపడి తక్కువకు పాడుకోవద్దు. ఆస్పత్రిలో నిజంగా అవసరం పడితే అప్పుడు చూద్దాం. అంతకుముందు ఇంట్లో బంగారం ఉంటే, బ్యాంకులో తాకట్టు ఏ యాప్ కంటే చౌక.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది దెబ్బతినేది ఒకే చోట. కాన్పుకు 50,000 అన్నారు సరే, బిడ్డకు విడిగా ఖర్చయితే అది ఆ 50,000లోనే సర్దుకోవాలా, మొత్తం 5 లక్షల కవర్ నుంచి వస్తుందా? నెలలు నిండకుండా పుట్టి, నవజాత శిశువుల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో పెట్టినా, కామెర్లు వచ్చి లైటు కింద ఉంచినా బిల్లు బిడ్డ పేరు మీద విడిగా పడుతుంది. మీ ప్యాకేజీలో అది ఉండదు, పిల్లల డాక్టర్ ఫీజు కూడా చాలాచోట్ల ఉండదు. ఆస్పత్రి వాళ్లని ఎన్‌ఐసీయూ రోజుకు ఎంత అని అడిగి రాయించుకోండి. హెచ్ఆర్‌ను ఆ లిమిట్ సంగతి, బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, పేరు చేర్చడానికి ఎన్ని రోజుల గడువు అని అడగండి. చాలా కంపెనీల్లో 30 రోజులే ఇస్తారు. మీ ఇంట్లో 21వ రోజు దాకా పేరు పెట్టరు, ఆ తర్వాత ఖమ్మం ప్రయాణం. ఈ హడావుడిలో గడువు దాటిపోతుంది. పేరు పెట్టేదాకా ఆగనవసరం లేదు, "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతోనే చేర్పించవచ్చు. పుట్టిన మర్నాడే మెయిల్ పెట్టండి. అమ్మమ్మకు ఫోటో పంపిన చేత్తోనే హెచ్ఆర్‌కు మెయిల్.

ఆమె పేరోల్ కంపెనీ పాలసీలో కాన్పు కవర్ ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే మీ 60,000లో కొంత తగ్గుతుంది. సొంత ఫ్యామిలీ పాలసీ ఈ కాన్పుకు అక్కరకు రాదు, తీసుకున్నాక కొంతకాలం ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అయినా తీసుకోండి, ఉద్యోగం మారిన రోజున అదే దిక్కు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, మీ ఇద్దరికీ కావాలి.

ఇక అప్పు. యాప్ వాడు 16 శాతం అన్నాడు, మీరు నమ్మారు. 60,000కు 16 శాతం అంటే 9,600, కలిపి 69,600, పన్నెండుతో భాగిస్తే 5,800. నెలనెలా మీరు అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం ఏడాది పొడవునా మొత్తం 60,000 మీదే వేశాడు. నిజంగా పడే వడ్డీ 28 శాతం పైనే. దానికి తోడు 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పట్టుకుంటే మీ చేతికొచ్చేది 57,876. అప్పుడు 35 శాతం దాటుతుంది. ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు. అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని, అందులో అన్నీ కలిపిన ఏడాది వడ్డీ చూపించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ కాగితం మీరు తెరిచి చూడలేదు. "లోన్ రెడీగా ఉంది" అన్న మెసేజ్‌ను మీ అర్హతకు దక్కిన బహుమతిలా చదువుకున్నారు. పసిబిడ్డ ఇంటికొచ్చే నెలలో 35 శాతం వడ్డీకి బండి కొనడం ఏమిటండీ? ఆ యాప్ తీసేయండి, ఇచ్చిన పర్మిషన్లు కూడా.

నో కాస్ట్ ఈఎంఐ అంత ఘోరం కాదు గానీ వడ్డీ లేదన్న మాట నిజం కాదు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీని ధరలో తగ్గింపుగా చూపి, బ్యాంకు మళ్లీ మీ దగ్గరే వసూలు చేస్తుంది. బ్యాంకు వడ్డీ 16 శాతమైతే మీ 54,000లో అది సుమారు 4,400. దాని మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 800 మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరు. నగదుకు ఇచ్చే డిస్కౌంట్ కూడా పోతుంది. ఇవన్నీ చిన్న మొత్తాలే. లోటులో ఉన్న నెలలో కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మాత్రం మిగిలిన బాకీ మీద నెలకు 3 నుంచి 3.75 శాతం పడుతుంది, కొత్తగా గీకిన వాటికీ వడ్డీ మొదలవుతుంది. మీకు ఆ నెలలు తప్పవని పైన లెక్క చెబుతూనే ఉంది.

మీ ఆవిడ కోరికను కాదనమని నేను అనడం లేదు. ఆ సెట్‌ను విడదీసి చూడమంటున్నాను. అందులో మీకు తప్పనిసరి అయినది కారు సీటు ఒక్కటే. మూడు వారాల పసికందుతో ఖమ్మం దాకా నాలుగు గంటల ప్రయాణం పెట్టుకున్నారు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలనుకుంటారు అందరూ, సడన్ బ్రేక్ పడితే ఏ చేతులూ ఆపలేవు. చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా అంటోంది. ఈ సీటు విడిగా నాలుగైదు వేల నుంచి దొరుకుతుంది. కొత్తదే కొనండి. పాతది ఏ ప్రమాదంలో దెబ్బతిందో మనకు తెలియదు. ఐసోఫిక్స్ బేస్‌కు డబ్బు పెట్టేముందు మీ కారు వెనక సీటు సందులో ఆ కొక్కేలు ఉన్నాయో లేదో చూశారా? లేకపోతే బేస్ దండగ. భుజం మీదుగా వచ్చే మామూలు బెల్టుతో బిగించే సీటు తీసుకోండి. వెనక సీటులో, బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ వద్దు. దారిలో సూర్యాపేట దగ్గరైనా ఆగి బిడ్డను బయటికి తీయండి, అంత చిన్న పిల్లలు ఆ సీటులో రెండు గంటలకు మించి ఉండకూడదు.

ప్రామ్ మాత్రం ఐదో నెల దాకా నిజాంపేట ఫ్లాట్‌లో అట్టపెట్టెలోనే ఉంటుంది. బిడ్డ ఖమ్మంలో, దాని వాయిదాలు మీ కార్డు మీద. ట్రావెల్ సిస్టమ్ గొప్పతనమంతా నిద్రపోతున్న పసిబిడ్డను సీటుతో సహా కారులోంచి తీసి చట్రం మీద తగిలించడంలో ఉంది. పసిపిల్లల సీటు సాధారణంగా 13 కిలోల దాకానే, తల పైఅంచుకు చేరితే అంతకన్నా ముందే మార్చాలి. ఏడాది, ఏడాదింపావు అనుకోండి. మొదటి ఐదు నెలలు పోతే మీకు మిగిలేది ఏడు నుంచి పది నెలలు. మీ వీధిలో ఫుట్‌పాత్ ఉందేమో మీకే తెలియాలి.

ఐదో నెలలో తిరిగొచ్చాక, ఆమె జీతం మొదలవుతుందని ఖాయమయ్యాక స్ట్రోలర్ (మడిచి పెట్టుకునే తేలికపాటి తోపుడు బండి) కొనండి. 5,000 నుంచి 8,000లో సరిపోయేది వస్తుంది. స్ట్రోలర్‌కు సెకండ్ హ్యాండ్ తప్పేం లేదు, బ్రేకులు, మడత దగ్గర గొళ్లెం సరిగ్గా పడుతున్నాయో చూసుకుంటే చాలు. పాతది శుభం కాదని పెద్దవాళ్లు అంటే, బారసాలకు వెండి గిన్నెలు తెచ్చేవాళ్లతో ముందే మాట కలపండి. ఆఫీసు వాళ్లు నలుగురు కలిసి ఇచ్చే బహుమతికి ఇది సరైన వస్తువు.

బ్రాండ్ అడిగారు. రెండు భుజాలు, నడుముకు రెండు వైపులా, కాళ్ల మధ్య పట్టి ఉంచే అయిదు పాయింట్ల బెల్టు, పూర్తిగా వెనక్కి వాలే సీటు ఉన్న ఏ పేరున్న కంపెనీదైనా ఫర్వాలేదు. కొనేముందు మీ లిఫ్ట్ తలుపు వెడల్పు కొలుచుకోండి.