ఎనిమిది రోజుల సెలవులో రాజా అంపట్ డైవింగ్ కుదురుతుందా?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ డిసెంబరులో ఇండోనేషియాలోని రాజా అంపట్‌కి స్కూబా డైవింగ్‌కి వెళ్లాలనుకుంటున్నాం. ఈత బాగా వచ్చు గానీ డైవింగ్ ఎప్పుడూ చేయలేదు. సెలవు ఎనిమిది రోజులే. కోర్సు అక్కడే చేసేయొచ్చంటున్నారు. టికెట్లు ఇప్పుడే కొనేయమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కొనకండి. నెల మాత్రం సరిగ్గానే ఎంచుకున్నారు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం అనుకూలంగా ఉంటుంది. చిక్కంతా రోజుల దగ్గరే. తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయానికి రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. అక్కడి నుంచి సింగపూరో కౌలాలంపూరో, ఆ తర్వాత జకార్తా, జకార్తా నుంచి పపువాలోని సొరోంగ్‌కి మరో నాలుగు గంటల విమానం. సొరోంగ్ రేవులో ఫెర్రీ ఎక్కితే రాజా అంపట్‌లోని ముఖ్య పట్టణం వైసాయ్‌కి రెండు గంటలు. మీ బస ఉన్న దీవికి మళ్లీ ఇంకో పడవ. ఫెర్రీ అస్తమానం ఉండదు కాబట్టి విమానం ఆలస్యమైతే ఆ రాత్రి సొరోంగ్‌లోనే గడపాలి. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది కనుక వెళ్లేటప్పుడు ఆ కాస్త సమయమూ పోతుంది. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు తీసేయండి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలాలి. ఇక నీళ్లలో మిగిలేది మూడు రోజులు. మొదటి మెట్టు కోర్సుకే మూడు నాలుగు రోజులు కావాలి.

రోజులు దొరికినా అక్కడ మొదలుపెట్టమని చెప్పం. వైగియో, బతాంతా దీవుల మధ్య ఉన్న డాంపియర్ జలసంధిలో ప్రవాహాలు బలంగా ఉంటాయి. అంత చేపల సంపదకు ఆ ప్రవాహాలే కారణం. ఆ జలసంధిలోని కేప్ క్రి అనే డైవింగ్ చోట మత్స్య శాస్త్రవేత్త జెర్రీ అలెన్ ఒక్క డైవ్‌లో 374 జాతుల చేపల్ని లెక్కపెట్టారు. కొత్తవాళ్లకు అదే ప్రవాహం గాలి అయిపోయేలా చేస్తుంది. లెక్క చూడండి: 12 లీటర్ల సిలిండర్‌లో ఒత్తిడి 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉంటే 2,400 లీటర్ల గాలి. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలి, కనుక వాడుకోదగ్గది 1,800. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతులో 60 పీలుస్తాడు, అక్కడ ఒత్తిడి మూడింతలు కాబట్టి. అంటే అరగంట. ఎదురీదుతూ ఆయాసపడి రెట్టింపు పీలిస్తే పావుగంటే.

అందుకని ముందు డైవింగ్ ఆరోగ్య ప్రశ్నావళి నింపండి. ఆస్తమా, చెవి ఆపరేషన్, గుండె జబ్బు లాంటివాటిలో ఒక్కదానికి ‘అవును’ అని రాయాల్సి వచ్చినా డాక్టరు సంతకం కావాలి. ఈ సంగతి అక్కడికి వెళ్లాక బయటపడితే నీళ్లలోకి దిగనివ్వరు. తర్వాత పుదుచ్చేరిలో గానీ అండమాన్‌లో గానీ మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు చేయండి. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30. లాగ్‌బుక్‌లో పాతిక ముప్పై డైవ్‌లు పడ్డాక, అందులో కొన్ని ప్రవాహంలో చేసినవై ఉంటే, వచ్చే ఏడాది పన్నెండు రోజులు సెలవు పెట్టి వెళ్లండి. నీళ్లలోంచే గాలి నింపి పైకి వదిలే గుర్తు బెలూన్, దాని దారం చుట్టతో సహా, ఇద్దరికీ చెరొకటి ఉండాలి. గుంపు నుంచి కొట్టుకుపోయినప్పుడు పడవ వాడికి కనిపించేది అదే.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉండకపోవచ్చు. డైవింగ్ జబ్బుకు (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) ఇచ్చే ప్రెషర్ చాంబర్ చికిత్సకూ, అత్యవసర తరలింపుకూ డబ్బిస్తారా అన్నది పాలసీలో చదవండి. పపువా మలేరియా ప్రాంతం. మాత్రలు రాయించుకునేటప్పుడు డైవింగ్‌కి వెళ్తున్నట్టు డాక్టరుకు తప్పక చెప్పండి. మలేరియా మాత్ర మెఫ్లోక్విన్ వల్ల వచ్చే తలతిప్పుడు, ఆందోళన డైవింగ్ జబ్బు లక్షణాల్లాగే ఉంటాయి, ఏది ఏదో తేల్చడం కష్టం.

ప్రశ్న: ఆదివారం పొద్దున పుదుచ్చేరిలో రెండు డైవ్‌లు చేసి, రాత్రికి తిరుపతి చేరి, సోమవారం సుప్రభాతానికి తిరుమల వెళ్లొచ్చా? విమానం కాదు కదా!
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: విమానం కాకపోయినా ఎత్తు ఎత్తే. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోతుంటుంది. ఈలోపు గాలి ఒత్తిడి తగ్గితే బుడగలు కట్టొచ్చు. 2,000 అడుగులు దాటినప్పటి నుంచే ఆ 18 గంటల నియమం వర్తిస్తుంది, తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. మీరు ఆదివారం 11 గంటలకు నీళ్లలోంచి బయటికొస్తే సోమవారం ఉదయం 5 దాకా కొండెక్కకూడదు. సుప్రభాత సేవకు అప్పటికే ఆలస్యమైపోతుంది. టికెట్ ఉంటే డైవ్‌లు శనివారానికి మార్చుకోండి. అలిపిరి నుంచి నడిచి వెళ్దామనుకుంటే ఇంకా జాగ్రత్త పడాలి. డైవ్ తర్వాత ఒంటిని అలా శ్రమపెట్టడమూ మంచిది కాదు, 3,550 మెట్లంటే మాటలు కాదు. తిరుపతి పట్టణంలో ఉండటానికి ఇబ్బంది లేదు. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు వెళ్లేవాళ్లకు మాత్రం ఇదే లెక్క.

ప్రశ్న: మాస్క్‌లోకి నీళ్లు వస్తున్నాయి. పట్టీ ఎంత బిగించినా ఆగడం లేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: బిగించడం వల్లే ఎక్కువవుతోంది. అంచు మడతపడి సందు వస్తుంది. పట్టీ వదులు చేయండి. మీకు మీసం ఉంటే ముక్కు కిందే, మాస్క్ అంచు ఆనే చోట సన్నటి గీతలా గొరిగించండి. మీసమంతా తీయక్కర్లేదు. కొత్త మాస్క్ కొనేటప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చేతులు తీసినా అతుక్కుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టే.

ప్రశ్న: శాకాహారులకు రాజా అంపట్‌లో తిండి దొరుకుతుందా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అన్నం, టోఫు, సోయా గింజలతో చేసే టెంపే దొరుకుతాయి. చూసుకోవాల్సింది సంబల్ పచ్చడి: అందులో తరచూ రొయ్యల ముద్ద కలుపుతారు. ‘తన్పా తెరాసి’ అంటే అది లేకుండా అని అర్థం. బస బుక్ చేసేటప్పుడే రాసి పంపండి, దీవికి సరుకులు పడవలో రావాలి.