నీ మొదటి ఇంటికి వెళ్లేముందు

చి. శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి ఇళ్లలో బూజు పరీక్షలు చేసే పని సొంతంగా మొదలుపెడుతున్నావని చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "నువ్వే చెప్పన్నయ్యా, నీ మాటైతే వింటుంది" అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను చెప్పను. 23 ఏళ్లు ఆ పని చేసి, నిన్ను చెయ్యొద్దని ఏ నోటితో అంటాను? ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. మన ఇంట్లో నా పని గురించి ఎప్పుడైనా అడిగింది నువ్వొక్కదానివే. ఎనిమిదేళ్లప్పుడు నా బ్యాగులోంచి టార్చి తీసుకుని మంచాల కింద, తలుపుల వెనక వెతికేదానివి. తీరా పడుకున్నాక నిద్ర పట్టలేదు. నువ్వు ఒక్కదానివే ఎవరింటి అటక మీదో పాకుతున్నట్టు కళ్లముందు కనబడింది. లేచి ఇది రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు. శిక్షణ పూర్తయి సర్టిఫికెట్ చేతికొచ్చాకే మొదటి ఇంట్లో అడుగుపెట్టు. గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే శాంపిళ్లు ఇవ్వు. గాలి లాగే మోటారు వేగం ప్రతి ఇంటికీ బయల్దేరేముందు సరిచూసుకో. ఏ శాంపిల్ ఏ గదిది, ఎన్ని గంటలకు తీశావు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది అన్నది అక్కడికక్కడే రాసేయ్. కారెక్కాక రాద్దామనుకోకు, గదులు కలిసిపోతాయి. ఇవన్నీ నీకు క్లాసులోనే చెబుతారు.

ఫోన్‌లో ఎవరైనా "మా ఇంట్లో బూజు పట్టింది" అంటే వెంటనే సంచీ సర్దుకోకు. మనవాళ్లు సాలెగూడునీ బూజే అంటారు, గోడకు చవుడు పట్టి తెల్లగా పొంగినా బూజే అంటారు. ముందు ఫోటో పంపమను. వెళ్లాక ఆ తెల్లటి పొంగు మీద రెండు నీటిచుక్కలు వేసి చూడు. ఉప్పయితే కరిగిపోతుంది, ఫంగస్ కరగదు. ఉప్పేనని తేలినా "ఏం లేదమ్మా" అని వచ్చేయకు. గోడలోకి నీళ్లు వస్తేనే ఉప్పు పైకి పొంగేది. ఆ ఇల్లాలి భయం ఉత్తిది కాదు.

గోడ మీద బూజు కళ్లెదుటే కనబడుతుంటే మాత్రం, వాళ్లు అడిగినా గాలి పరీక్ష వద్దనే చెప్పు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఇదే అంటుంది, కనిపించే బూజుకు శాంపిల్ సాధారణంగా అక్కర్లేదని. అది ఏ జాతిదైనా చేయాల్సిన పని మారదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపాలి, పాడైనదాన్ని తీసేయాలి. ఆ రోజు నీ సంపాదన తగ్గుతుంది. తగ్గనీ. వాసన వస్తోంది కానీ ఏమీ కనబడటం లేదన్నప్పుడు, శుభ్రం చేయించాక నిజంగా పోయిందో లేదో చూడాలన్నప్పుడు, ఇంటి ఓనరుకీ అద్దెకున్నవాళ్లకీ తగాదా వచ్చినప్పుడు, అప్పుడు నీ పరీక్షకు విలువ ఉంది.

ఇంకో మాట. ఇంటి గాలిలో ఇన్ని స్పోర్లు (బూజు గాలిలోకి వదిలే, కంటికి కనబడని విత్తనాల్లాంటివి) ఉంటే ఫర్వాలేదు, ఇంతకు మించితే ప్రమాదం అని ఈపీఏ గీత గీయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజుల మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా అంకె చెప్పలేదు. చెమ్మగా ఉండే ఇళ్లలో దగ్గు, ఆయాసం, ఆస్తమా ఎక్కువని చెప్పి, అసలు చెమ్మనే చేరనివ్వొద్దంది. అందుకే లోపల తీసే ప్రతిసారీ, అదే రోజు, అంతే సేపు, బయటి గాలి కూడా తీయాలి. పోల్చుకోవడానికి మనకున్నది అదొక్కటే. అది కూడా ఎంత గాలనుకున్నావు? నిమిషానికి 15 లీటర్ల చొప్పున 5 నిమిషాలు లాగితే 75 లీటర్లు. ఆ 75 లీటర్లలో ల్యాబ్‌వాళ్లకు ఒక్క స్పోరు కనబడితే రిపోర్టులో ఘనపు మీటరుకు 13 అని పడుతుంది. ఆ 13 చూసి వణికిపోయిన తల్లులున్నారు. రిపోర్టు మెయిల్‌లో పడేసి ఊరుకోకు. పక్కన కూర్చుని చదివి చెప్పు.

ఇప్పుడు నేను ఇంతవరకూ మీ నాన్నకు కూడా చెప్పని సంగతి చెబుతాను.

ఈ పనిలో అది నాకు ఆరో ఏడు. రోజుకు నాలుగు ఇళ్లు చూస్తున్న రోజులు. ఒక ఇంట్లో పెద్దావిడ, ఆవిడ మనవడు వెనక గదిలో పడుకునేవాళ్లు. పిల్లాడికి ఆరేళ్లు, రాత్రిళ్లు దగ్గు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లి, బీరువా పక్క మూలలో నిలబెట్టి, "ఇక్కడ నాయనా, తెల్లవారుజామున తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది" అంది. నేను పీల్చి చూశాను. ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? అప్పుడు పొద్దున పదకొండు. నేను వస్తున్నానని కోడలు ఇల్లంతా మందునీళ్లతో తుడిచి, కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టింది. ముందురోజు నుంచే తలుపులూ కిటికీలూ మూసి ఉంచమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. వెనక్కి వెళ్లి మర్నాడు రావాల్సింది. రాలేదు. కిటికీలు మూయించి, పావుగంట ఆగి, గది మధ్యలో స్టాండు నిలబెట్టి మోటారు ఆన్ చేశాను. బీరువా బరువుగా ఉంది. దానికే నా బ్యాగు ఆనించి పెట్టాను.

రిపోర్టు వచ్చింది. లోపలి లెక్క బయటికంటే తక్కువ. ఉన్నది కూడా బయట ఎక్కడైనా ఉండే క్లాడోస్పోరియమ్ అనే బూజే. "అసాధారణమైన ఫంగస్ ఏదీ లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం పెద్దావిడ ఫోన్ చేసింది. "అయితే ఆ వాసన నా భ్రమేనా నాయనా?" అంది. నేను, "పెద్దవాళ్లకు ఒక్కోసారి అలా అనిపిస్తుందమ్మా" అన్నాను. ఆ మాట అన్నాను తల్లీ. అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు కూడా.

అయిదు నెలల తర్వాత ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. పిల్లాడికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో పెట్టారట. వాడికోసం గది సర్దుతూ బీరువా జరిపారట. "ఒకసారి వచ్చి చూస్తారా" అన్నాడు, అంతే. వెళ్లాను. గోడ అవతల బాత్రూమ్. గోడలో పైపు జాయింటు దగ్గర నీళ్లు చుక్కచుక్కగా చెమరుస్తూ ఉన్నాయి, ఎన్నాళ్ల నుంచో. గోడకు కొట్టిన బోర్డు పైకాగితం మీదా బీరువా వెనక చెక్క మీదా, నేల నుంచి నా మోకాలి ఎత్తు దాకా నల్లగా, తడిసిన మసిలా మెరుస్తూ ఉంది. టేపుతో అద్ది ల్యాబ్‌కు ఇస్తే స్టాకీబోట్రిస్ అనే బూజు జాతి అని వచ్చింది. దాని స్పోర్లు జిగురులో అంటుకుని ఉంటాయి. తడిగా ఉన్నన్నాళ్లూ గాలిలోకి పెద్దగా లేవవు. ఎండాకో, ఎవరైనా కదిపాకో లేస్తాయి. అంటే ఆ రోజు నా మోటారుకు గాలిలో నిజంగానే ఏమీ దొరకలేదు. గాలిలో లేదు కాబట్టి ఇంట్లోనే లేదని రాసింది నేను.

పిల్లాడి ఆయాసం దానివల్లేనని డాక్టర్లు అనలేదు, నేనూ అనలేను. కానీ వాడు ఆ అయిదు నెలలూ ఆ గోడ పక్కనే పడుకున్నాడు. నా కాగితం చూపించి ఆ పెద్దావిడ నోరు మూయించారు. నేను మోకాళ్ల మీద కూర్చుని టేపు అద్దుతుంటే టార్చి పట్టుకుంది ఆవిడే. ఒక్క మాట అనలేదు. వెలుతురు మాత్రం నా చెయ్యి ఎటు కదిలితే అటు వచ్చింది. డబ్బు వెనక్కి ఇచ్చేశాను, రెండో రిపోర్టులో మొదటిది తప్పని రాసి సంతకం పెట్టాను. వాటితో తీరేది కాదది.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనూ మొదటి అరగంట బ్యాగు తెరవలేదు. నువ్వూ తెరవకు. కూర్చుని అడుగు. ఎప్పుడైనా పైకప్పు కారిందా, పైపు పగిలిందా, తడిసింది ఎన్నాళ్లకు ఆరింది? తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టుకోకపోతే బూజు మొదలవుతుంది. ఏ గదిలో వాసన, ఏ వేళప్పుడు, ఎవరికి? ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషిని అడుగు. నీకు డబ్బిచ్చే మనిషి సాధారణంగా ఆ మనిషి కాదు. తర్వాత బీరువాలు జరిపించు. కుదరదంటే "ఈ గోడ చూడలేదు" అని రిపోర్టులో రాయి. బయటి గోడలకు ఆనుకున్న సామాను వెనక చల్లటి గోడ మీద గాలిలోని తేమే నీరుగా మారుతుంది, లీకేజీ ఏదీ లేకుండానే. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోమను, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. సింకు కింద చెయ్యి పెట్టి చూడు. ఏసీ నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. చెమ్మ కొలిచే మీటరు గోడకు కింద నుంచి పైకి పెట్టుకుంటూ రా. థర్మల్ కెమెరాలో రంగు మారితే తడి అనుకోకు, అది చూపించేది చల్లదనమే. అక్కడ మీటరు పెట్టి రూఢి చేసుకో. గోడలోపల ఉందని అనుమానమొస్తే, పిల్లలు తిరుగుతున్న ఇంట్లో అక్కడికక్కడే పగలగొట్టి చూడకు. ప్లాస్టిక్ షీట్లు కట్టి, గాలి బయటికి లాగే ఏర్పాటు చేశాకే తెరవాలి.

ఇక నీకు కోపం వచ్చే మాట. పరీక్షతో పాటు శుభ్రం చేసే పని కూడా నువ్వే తీసుకుంటావట, అందులోనే డబ్బుందని మీ నాన్నతో అన్నావట. వద్దు శ్రావణీ. ఒప్పుకోను. బూజు ఉందని తేలితే నీకు లాభం వచ్చేటట్టయితే, నువ్వు ఎంత నిజం చెప్పినా ఆ ఇంటివాళ్లకు అనుమానం ఉంటుంది. కొన్నాళ్లకు నీ కన్ను కూడా మారుతుంది. నువ్వు చెడ్డదానివని కాదమ్మా, అప్పు కట్టాల్సిన నెలలో గోడ మీద ప్రతి మరకా నల్లగానే కనబడుతుంది. ఆ నెలలు నేను చూశాను. నీకు రాకుండా మొదటి ఏడాది నేను చూసుకుంటాను. మీ నాన్నకు చెప్పక్కర్లేదు, నన్నడుగు.

నల్లగా కనిపించగానే "విషపు బూజు" అనే మాట నీ నోట రాకూడదు. రంగు చూసి జాతి చెప్పలేం. 1990లలో క్లీవ్‌లాండ్‌లో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి స్టాకీబోట్రిసే కారణమని మొదట అనుకున్నారు. తర్వాత 2000లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. ఈలోపు ఎన్ని ఇళ్లలో ఎంతమంది భయపడి ఉంటారో ఆలోచించు. జబ్బు సంగతి డాక్టరుకు వదిలెయ్. నీ పని నీళ్లూ గోడా. బూజు మీద రంగు వేసేసి దాచేద్దామన్నవాళ్లతో మాత్రం మొహమాటపడకు. చచ్చిన బూజుకీ అలర్జీ వస్తుంది, రంగు కింద బతికున్నది మళ్లీ పైకొస్తుంది.

చివరగా, నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఫోన్‌లో నా దగ్గు విన్నావు కదా, వయసు దగ్గని చెబుతుంటాను. మొదటి పదేళ్లు నేను మాస్కు సరిగ్గా పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇంటివాళ్లు కంగారుపడతారని జేబులో పెట్టుకునేవాణ్ణి. అటక ఎక్కినా, నేలకింద ఖాళీలోకి దూరినా మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే. అలాంటిచోటికి ఒక్కదానివే వెళ్లొద్దు. కింద ఒక మనిషిని నిలబెట్టు, నీ పేరు పిలుస్తూ ఉండమను.

నా రబ్బరు మాస్కు, చెమ్మ మీటరు ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. మీటరుకు బ్యాటరీ కొత్తది వేశాను. మాస్కు ఫిల్టర్లు పాతవి, అవి పారేసి కొత్తవి కొను. పెట్టుకున్నాక రెండు చేతులతో ఫిల్టర్లు మూసి గాలి లోపలికి పీల్చు. మాస్కు మొహానికి అతుక్కోవాలి. ముక్కు పక్క నుంచి గాలి వస్తే అది నీకు సరిపోదు, నీ సైజుది వేరేది తీసుకో. ఇది మీ నాన్న ఎదురుగా కూర్చుని చెయ్, వాడు చూస్తాడు. చూశాక నాకు ఫోన్ చేయమను.

మీ పెద్దనాన్న