8,000 గిటార్ కొనాలా అని అడిగిన మేనల్లుడికి

ఒంగోలు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. నల్ల రంగు ఎలక్ట్రిక్ గిటార్, మోతను పట్టే మూడు పికప్‌లు, స్ట్రింగ్స్ కింది చివర చేత్తో ఊపే ట్రెమొలో బ్రిడ్జ్, 8,000 రూపాయలు. "ఇది కొనేసి, తర్వాత పికప్‌లు, శృతి చేసే కీలు మంచివి వేయిస్తే 40 వేల గిటార్‌లా పలుకుతుందా మామయ్యా?" అని అడిగావు. నిన్న రాత్రి మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. "వాడు అడిగాడు కదా అని సరే అనెయ్యకు తమ్ముడూ, కాస్త ఆలోచించి చెప్పు" అంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కొనుక్కో. కాకపోతే నెక్, అంటే వేళ్ళతో నొక్కే పొడుగాటి భాగం, చూసి కొను. కొన్నాక ఆరు నెలలు పార్టుల జోలికి పోకు.

నేను ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తల్లో చవక గిటార్ అంటే నిజంగా చవకే. నెక్ ఒక వైపు, బ్రిడ్జ్ ఒక వైపు ఉండేవి. ఇప్పుడు అలా కాదు. బాడీనీ నెక్‌నీ కంప్యూటర్‌తో నడిచే మిషన్లు కోస్తున్నాయి, కొలతలు తప్పడం తక్కువ. 8,000 గిటార్‌కైనా 80,000 గిటార్‌కైనా కోత దాదాపు ఒకేలా ఉంటుంది. కోశాక మనిషి కూర్చుని చేత్తో చేయాల్సిన పని ఉంటుంది చూడు, చవక గిటార్‌లో కంపెనీ మిగుల్చుకునేది అక్కడే. నెక్ మీద అడ్డంగా ఉండే కడ్డీలు, అదే ఫ్రెట్ల అంచులు రాయడం, నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే నట్‌లో గాళ్ళు సరైన లోతుకు కోయడం, స్ట్రింగ్స్ ఎత్తు సరిచేయడం, ఇవన్నీ గంటల పని. ఆ గంటలు నువ్వు పెట్టగలిగితే చవక గిటార్ కొనడం లాభమే. పెట్టలేను, పార్టులు కొని బిగిస్తాను అంటే మాత్రం డబ్బు దండగ.

మన వైపు గిత్తను కొనేవాళ్ళు కొమ్ములకు పూసిన రంగు చూసి బేరం చేయరు. నడిపించి, కాళ్ళు చూసి, అప్పుడు ధర మాట్లాడతారు. గిటార్‌కి నెక్ అలాంటిది. షాపులో పొద్దుటి వెలుతురు పడే గుమ్మం దగ్గర నిలబడు. కీలుండే తలభాగం, అదే హెడ్‌స్టాక్‌ని, కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక కన్ను మూసి, బాడీ వైపు చూడు. వడ్రంగి బద్ద వంకర చూస్తాడే, అలాగ. నెక్ కొంచెం ముందుకు వంగి ఉంటే భయం లేదు, లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో సరిచేయొచ్చు. కానీ మొదటి ఫ్రెట్టూ చివరి ఫ్రెట్టూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే, అంటే నెక్ మెలి తిరిగి ఉంటే, అక్కడే పెట్టేసి వచ్చెయ్. దానికి మందు లేదు.

తర్వాత అరచేతి అంచుతో నెక్ పక్కలు మెల్లగా నిమురు. రంపం పళ్ళలా గీసుకుంటే ఫ్రెట్ల అంచులు బయటికొచ్చాయని అర్థం. చెక్క ఎండితే లోపలికి ముడుచుకుంటుంది, ఫ్రెట్ల లోహం ముడుచుకోదు కాబట్టి ఇలా అవుతుంది. సన్న ఆకురాయితో గంటన్నరలో పోతుంది. దీన్ని చూపించి ధర తగ్గించమని అడుగు. చివరిగా ప్రతి స్ట్రింగ్ మీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కి మీటు. 6 స్ట్రింగ్స్, 21 ఫ్రెట్లు, 126 చోట్లు. పది నిమిషాల పని. షాపువాడు విసుక్కున్నా పర్వాలేదు, మీటు. ఎక్కడైనా శబ్దం చచ్చిపోతే, లేదా పక్క ఫ్రెట్ స్వరమే పలికితే, ఇంకో పీస్ తెమ్మను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పని చేయకుండా నేను నష్టపోయాను. నీకు ఊహ తెలియని రోజుల్లో ఒకతని దగ్గర సెకండ్ హ్యాండ్ గిటార్ తీసుకున్నాను. రంగు బాగుంది, మోత సన్నగా ఉంది. పికప్‌లు మారిస్తే సరిపోతుందనుకున్నాను. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్ళి, గిటార్ ధర కంటే ఎక్కువ పెట్టి పికప్‌లు తెచ్చుకున్నాను. బిగించాక మోత నిజంగానే బాగుపడింది. కందుకూరులో ఒక పెళ్ళికి తీసుకెళ్ళాను. ఏడో ఫ్రెట్ దాటితే మూడు స్ట్రింగ్స్ జరజరమంటున్నాయి. నెక్ మెలి తిరిగి ఉంది, నేను చూసుకోలేదు. ఆ రాత్రంతా కింది ఐదు ఫ్రెట్లలోనే వాయించాను. కీబోర్డు వాయించే అన్న నా ముఖం చూసి, సోలోలన్నీ తానే ఎత్తుకున్నాడు. ఆ గిటార్ అమ్మబోతే కొనేవాడు లోపల ఏ పికప్‌లున్నాయని అడగనే లేదు, చవక గిటార్‌కి చవక ధరే చెప్పాడు. ఇది గుర్తుపెట్టుకో, పార్టుల మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. ఎప్పుడైనా పార్టులు మారిస్తే పాతవి ఒక డబ్బాలో దాచు. గిటార్ అమ్మేటప్పుడు పాతవి బిగించి ఇచ్చి, కొత్తవి నీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఇక కీలు మార్చాలన్నావు, శృతి నిలవట్లేదని ఎవరో చెప్పారని. గిటార్ చేతికొచ్చాక ఒక పని చెయ్యి. మూడో స్ట్రింగ్, అదే జి స్ట్రింగ్, శృతి కంటే కొంచెం దించి మెల్లగా పైకి తిప్పుతూ చెవి పెట్టి విను. నట్ దగ్గర "టిక్" మని ఒక చిన్న శబ్దం వస్తుంది, అదే క్షణంలో శృతి చూపే ట్యూనర్ ముల్లు శృతి దాటి దూకుతుంది. స్ట్రింగ్ నట్ గాడిలో ఇరుక్కుని ఒక్కసారిగా జారుతోందన్నమాట. నువ్వు స్ట్రింగ్ సాగదీసి వాయించినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, వెళ్ళినది వెనక్కి పూర్తిగా రాదు. జనం కీలను తిట్టుకుని కొత్త కీలు కొంటారు, టిక్ మాత్రం పోదు. పెన్సిల్ ముల్లు బాగా చెక్కి ఆ గాడిలో నాలుగుసార్లు రుద్దు. నల్లటి పొడి పడాలి. నూటికి తొంభై సార్లు నేను ఈ పెన్సిల్‌తోనే గట్టెక్కాను. కొత్త స్ట్రింగ్స్ వేసినప్పుడు కీ చుట్టూ రెండు మూడు చుట్లు రావాలి, వేశాక ఒక్కోదాన్నీ వేళ్ళతో లాగి సాగదీయాలి. ఇవన్నీ చేశాక కూడా శృతి జారుతుంటే అప్పుడు కీల సంగతి చూద్దాం.

నట్ గాళ్ళు మరీ పైకి ఉంటే ఇంకో తంటా. మొదటి ఫ్రెట్ నొక్కితే స్వరం ఎక్కువ పలుకుతుంది, వేలు నొప్పి పుడుతుంది, ఎఫ్ కార్డ్ పట్టలేక పిల్లలు గిటారే మానేస్తారు. మూడో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద చూడు. వెంట్రుక మందం సందు ఉండాలి. ఎక్కువుంటే నట్ కిందివైపు అరగదీయాలి. దానికి బల్లపరుపుగా ఉండే రాయి కావాలి. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి నా దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంది, ఫ్యాక్టరీ బయట పారేసిన పాలిష్ ముక్క. దాని మీద ఉప్పు కాగితం అంటించి నట్ రాస్తే అడుగు అద్దంలా చదునుగా వస్తుంది. బెంగళూరులో ఒక గిటార్ మేస్త్రి నా రాయి చూసి తనకొకటి తెచ్చిపెట్టమన్నాడు. తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ తర్వాత వరుస ఇది. కొత్త స్ట్రింగ్స్ వేసి శృతి చెయ్యి. ఆరో స్ట్రింగ్‌ని, అదే అన్నిటికన్నా లావుదాన్ని, మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. విజిటింగ్ కార్డ్ దూరీ దూరనట్టు, పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ కుడివైపుకు పావు చుట్టు తిప్పి, మళ్ళీ శృతి చేసి, మళ్ళీ చూడు. బిగుసుకుపోయిందనిపిస్తే ఆపేసి నా దగ్గరికి తీసుకురా, బలం వాడకు. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు 1.6 మిల్లీమీటర్ల దాకా దించు, లావు స్ట్రింగ్స్‌కి ఇంకాస్త ఉన్నా పర్వాలేదు. చివరికి 12వ ఫ్రెట్ మీద ఊరికే తాకించి వచ్చే హార్మోనిక్, నొక్కి మీటితే వచ్చే స్వరం ఫోన్ ట్యూనర్‌లో పోల్చు. నొక్కిన స్వరం ఎక్కువుంటే బ్రిడ్జ్ మీద ఆ స్ట్రింగ్ ఆనే చిన్న దిమ్మ, అదే సాడిల్‌ని, వెనక్కి జరుపు, తక్కువుంటే ముందుకు. మొదటిసారి నీకు ఒక పూట పడుతుంది, మూడోసారికి అరగంట.

పికప్‌ల గురించి చాలా ఆశ పెట్టుకున్నావని తెలుసు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు సన్న రాగి తీగ. పైన ఉక్కు స్ట్రింగ్ ఊగితే ఆ తీగలో కరెంటు పుడుతుంది. చవకవాటిలో ఎక్కువగా సెరామిక్ అయస్కాంతం పట్టీ ఉంటుంది, మోత కొంచెం గరుగ్గా వస్తుంది. నిజమే. కానీ మార్చేముందు స్క్రూడ్రైవర్‌తో వాటి ఎత్తు దించి చూడు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే స్ట్రింగ్‌కీ పికప్‌కీ మధ్య 2 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులోంచి వచ్చేటప్పుడు చాలావాటికి పికప్‌లు స్ట్రింగ్‌ని ముట్టుకునేంత పైకి ఉంటాయి. అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగేసి, స్వరం వణికినట్టు, శృతి తప్పినట్టు అనిపిస్తుంది. దించగానే మోత తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు.

బ్రియాన్ మే అని క్వీన్ బ్యాండ్ గిటారిస్టు ఉన్నాడు. చిన్నతనంలో గిటార్ కొనే స్తోమత లేక 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టాడు. నెక్‌కి పాత పొయ్యిగూటి చెక్క వాడారు. పికప్‌లు కూడా తనే చుట్టుకున్నాడు, అవి సరిగా కుదరక చివరికి బర్న్స్ కంపెనీవి కొని పెట్టుకున్నాడు. చెక్కపని అంతా తమ చేత్తో కుదిరాక, కుదరని ఒక్కదానికే డబ్బు పెట్టారు. నువ్వూ అదే వరుసలో వెళ్ళు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కూడా మాండొలిన్‌ని ఉన్నది ఉన్నట్టు వాయించలేదు. జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. తనకేం కావాలో ఆయనకు తెలుసు. ఆరు నెలలు వాయిస్తే నీ గిటార్‌కి ఏం తక్కువైందో నీ చెవికీ తెలుస్తుంది.

అప్పటికీ పికప్‌లు మార్చాలనిపిస్తే కొలతలు చూసుకుని కొను. చవక గిటార్లలో కీల రంధ్రాలు, బ్రిడ్జ్ మీద స్ట్రింగ్స్ మధ్య దూరం బ్రాండుని బట్టి మారతాయి. కొన్నిటి బాడీ పలచగా ఉంటుంది, ట్రెమొలో కింద ఉండే లోహపు దిమ్మ, అదే బ్లాక్, పెద్దది తెస్తే వెనక నుంచి పొడుచుకొస్తుంది. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లకి 250 కె వాల్యూమ్ పాట్ (మోత పెంచి తగ్గించే గుండీ కింది భాగం), రెండు చుట్టలుండే హంబకర్లకి 500 కె వాడతారు. సోల్డరింగ్ రాకపోతే టీవీ రిపేర్ చేసేవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకో, రెండు రోజుల విద్య. పార్టుల ఖర్చు గిటార్ ధరలో సగం దాటబోతుంటే ఆగు. ఆ డబ్బు కూడబెట్టి స్క్వైర్ అఫినిటీయో, యమహా పసిఫికానో, అలాంటి ఇంకాస్త మంచి గిటార్ కొనుక్కోవడం మేలు.

ఉన్న డబ్బంతా గిటార్‌కే పెట్టకు, మోత పెంచే ఆంప్ కూడా కావాలి. చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్‌ని నేరుగా మిక్సర్‌లోకి గుచ్చి "మోత బాగోలేదు, పికప్‌లు మార్చాలి" అనే పిల్లలను ఎంతమందినో చూశాను. ఈ పికప్‌లకి మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సరిపడదు, మోత మొద్దుబారిపోతుంది. మధ్యలో గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే డీఐ బాక్సో, ఆంపో ఉండాలి. నీ గిటార్‌వి సింగిల్ కాయిల్ పికప్‌లు కాబట్టి ట్యూబ్ లైట్ల దగ్గర బుర్రుమంటుంది, అది లోపం కాదు. బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక, అదే పిక్‌గార్డ్ కింద రాగి టేపు వేసి గ్రౌండ్‌కి కలిపితే కొంత తగ్గుతుంది. కానీ ఒక్క విషయం నా మీద ఒట్టు. పందిట్లో వాయించేటప్పుడు ప్లగ్‌కి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోకుండా చెయ్యి స్ట్రింగ్స్ మీద పెట్టకు. మైక్‌కి పెదవి తగిలి షాక్ కొట్టి స్టేజి మీద పడిపోయినతన్ని నేను చూశాను. బతికాడు, కానీ ఆ చెయ్యి చాలా రోజులు వణికింది.

మీ కావలి కూడా సముద్రం దగ్గరే. ఉప్పు గాలికి స్ట్రింగ్స్ వారంలో తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పాత పంచె ముక్కతో తుడిచి బ్యాగులో పెట్టు. రోహిణి ఎండల్లో బండి మీద, కారులో వదలకు.

షాపుకి వెళ్ళేముందు ఫోన్ చెయ్యి, వీడియో కాల్‌లో నెక్ చూస్తాను. కొన్నాక ఒక ఆదివారం పొద్దున ఏ రైలుకైనా వచ్చెయ్. గిటార్ పైన లగేజీలో పెట్టకు, ఒళ్ళో పెట్టుకో. స్ట్రింగ్స్ కొనకు, సన్నవి, 9 నంబర్ సెట్ ఒకటి ఇంట్లో ఉంది. అలెన్ కీలు, ఆకురాయి, రాయి నా దగ్గర ఉన్నాయి. పెన్సిల్ మాత్రం నువ్వు తెచ్చుకో. అత్తయ్య చేపల పులుసు పెడతానంది.

మీ మామయ్య