పేర్లు తీసేస్తే సరిపోదండీ, నాణెం ఎగరేయించండి

హాస్టల్లో 400 మందిని గంజాయి గురించి అడగాలి, నిజం చెప్పరేమోనని మీ టెన్షన్. ఫారంలో పేరు లేకపోయినా బ్రాంచి, సంవత్సరం, ఊరు కలిపితే మనిషి దొరికిపోతాడు. వాళ్ల భయంలో న్యాయం ఉంది.

దీనికి 1965లో వార్నర్ అనే గణాంకవేత్త ఒక దారి చూపించాడు. దాని సులువైన రూపం ఇది: ప్రతి ఒక్కరూ చాటుగా నాణెం ఎగరేస్తారు. బొరుసు పడితే నిజం చెప్పాలి. బొమ్మ పడితే మళ్లీ ఎగరేసి, ఈసారి బొమ్మకు ‘అవును’, బొరుసుకు ‘కాదు’ అనాలి. ఎవరు ‘అవును’ అన్నా అది నాణెం మాటే కావచ్చు, రుజువేమీ ఉండదు.

లెక్క తేలికే. 140 మంది, అంటే 35 శాతం ‘అవును’ అన్నారనుకోండి. సగం మందికి మొదట బొమ్మ, వాళ్లలో సగానికి మళ్లీ బొమ్మ పడుతుంది కాబట్టి నాణెం వాటా 25. అది తీసేస్తే మిగిలిన 10 నిజం చెప్పిన సగం మంది నుంచి వచ్చింది, దాన్ని రెట్టింపు చేస్తే గంజాయి వాడేవాళ్లు 20 శాతం.

దీనికి మూల్యం కచ్చితత్వం. నేరుగా అడిగి, అందరూ నిజమే చెబితే 4 శాతం అటూ ఇటూ ఉండే తేడా ఇక్కడ 9 దాకా పోతుంది. కాబట్టి ఫలితాలను బ్రాంచిలవారీగా విడగొట్టకండి, మంది తగ్గేకొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది. ఒకే మనిషిని పదేపదే అడగొద్దు, సగటులో నిజం బయటపడుతుంది. నాణెం మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి, మీరు చూడకూడదు.