స్క్రూలు వెయ్యాలా, జారిన ముక్క తీసేస్తే చాలా?

మీ నాన్నగారికి 52 ఏళ్లు, షుగర్ ఉంది, ఎల్5-ఎస్1 డిస్క్ (నడుం చివరి పూసకీ, దాని కింది ఎముకకీ మధ్య ఉండే మెత్త) జారి ఎడమ కాలు లాగుతోంది, రెండు నెలలుగా మందులూ ఫిజియోథెరపీ వాడినా తగ్గలేదు అని రాశారు. ఒక డాక్టరు మైక్రోడిసెక్టమీ చాలన్నారు, ఇంకొకరు స్క్రూలు, రాడ్లు వేసి ఫ్యూజన్ చెయ్యాలన్నారు, ఎవరి మాట వినాలని మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్ టీచర్ని. నాకు అదే డిస్కుకి మైక్రోడిసెక్టమీ జరిగింది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు నాన్నగారిని ఒకటి అడగండి. ఎక్కువ బాధపెడుతున్నది నడుమా, కాలా? నిర్ణయం చాలావరకు ఇక్కడే తేలుతుంది. డిస్క్ పై పొర చిరిగి లోపలి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతుంది. మైక్రోడిసెక్టమీలో నడుం మీద రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, నరాన్ని నొక్కుతున్న ఆ ముక్కను మాత్రం తీసేస్తారు. మిగతా డిస్క్ అక్కడే ఉంటుంది. అందుకే కాలి లాగుడు బాగా తగ్గుతుంది, నడుం నొప్పి మాత్రం కొంత మిగలొచ్చు. మా సర్జన్ మొదటి రోజే చెప్పారు: "అమ్మా, ఈ ఆపరేషన్ మీ కాలి కోసం. నడుం సంగతి తర్వాత మీరు చేసే వ్యాయామం చూసుకోవాలి."

నాకు క్లాసులో నిలబడి పాఠం చెబుతుంటే ఫర్వాలేదు. స్టాఫ్ రూములో కుర్చీలో కూర్చుంటే చాలు, పిరుదు నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టుండేది. తుమ్మొస్తే గోడ పట్టుకునేదాన్ని. ఊళ్లో పెద్దవాళ్లు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించుకోమన్నారు. నడుం పట్టేసినప్పుడు అలా చేయించుకోవడం మనవైపు ఉన్నదే, కానీ డిస్క్ జారిందని ఎంఆర్ఐలో తేలాక దయచేసి ఆ పని చేయించకండి. నరం ఇంకా నలిగిపోతే వెనక్కి తెచ్చుకోలేం.

ఆపరేషన్ లేకుండా తగ్గే అవకాశం ఎంత? చాలా ఎక్కువ. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నెమ్మదిస్తుంది. బయటికొచ్చిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. రిపోర్టులో చూసి భయపడే పెద్ద ముక్కలే ఇంకా బాగా కరుగుతాయి. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా (నడుం దగ్గర నరం నలిగి కాలు లాగడం) రోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లను ఆగి చూడమన్నారు. ఆపరేషన్ చేసినవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగి చూసినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారనేది కూడా గుర్తుంచుకోండి. రెండు నెలలు దాటాక, నిద్రా పనీ పోయే నొప్పి ఉంటే ఆపరేషన్ అడగడం తొందరపాటు కాదు.

అయితే కొన్ని లక్షణాలుంటే ఆగి చూడడం అన్న మాటే లేదు. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ ప్రతి గంటా లెక్కే. పాదం పైకి లేవకపోయినా, కాలి బలం రోజురోజుకీ తగ్గుతున్నా వెంటనే చూపించాలి. ఇంట్లోనే ఒకసారి చూడండి: గోడ పట్టుకుని ఎడమ కాలు ఒక్కదాని మీదే నిలబడి, మునివేళ్ల మీద లేవగలుగుతున్నారా? ఎల్5-ఎస్1 దగ్గర సాధారణంగా నలిగే నరం చేయించే పని అది. నాకు కుడి కాలితో తేలిగ్గా వచ్చేది, ఎడమ మడమ మాత్రం నేల వదిలేది కాదు. డాక్టరు ఎంఆర్ఐ ఫిల్ము కంటే ముందు అదే చూశారు.

ఇక ఫ్యూజన్. రెండు పూసల్ని స్క్రూలతో బిగించి, మధ్యలో కేజ్ అనే చిన్న దిమ్మె పెట్టి, ఒకే ఎముకలా అతుక్కునేలా చేస్తారు. పూస ముందుకి జారినప్పుడు, వంగితే లేస్తే పూసలు అటూ ఇటూ కదులుతున్నప్పుడు, అదే డిస్క్ మళ్లీ మళ్లీ జారినప్పుడు దాని అవసరం ఉంటుంది. మొదటిసారి జారిన డిస్కుకి, కాలి నొప్పే ప్రధానమైనప్పుడు, మామూలుగా అవసరం లేదు. ఖర్చు బాగా ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పడుతుంది, బిగించిన చోటికి పైనున్న డిస్క్ మీద భారం పెరుగుతుంది. అలాగని స్క్రూలు చెప్పిన డాక్టరుది తప్పని నేననను. మీ నాన్నగారి ఫిల్ముల్లో ఆయనకి ఏదైనా కనిపించి ఉండొచ్చు. "పూస కదులుతోందా? ఎక్కడ కనిపించింది?" అని సూటిగా అడగండి. ముందుకి వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రే తీస్తే కదలిక ఉందో లేదో తెలుస్తుంది. పడుకోబెట్టి తీసే ఎంఆర్ఐలో అది కనపడకపోవచ్చు.

ఆ ముక్కనే ఎండోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, ఇంకా చిన్న గాటుతో తీస్తారు, పూర్తి మత్తు ఇవ్వకుండా ఆ చోట మాత్రం తిమ్మిరెక్కించి చేసేవాళ్లూ ఉన్నారు. ఫలితం దాదాపు ఒకటే, కాబట్టి పద్ధతి పేరు కంటే ఆ సర్జన్‌కి దేంట్లో చెయ్యి తిరిగిందో చూడండి. కృత్రిమ డిస్క్ మీ నాన్నగారి సమస్యకి సంబంధించింది కాదు.

షుగర్ ఉందన్నారు కదా, ఆపరేషన్‌కి ముందే అదుపులోకి తేవాలి, లేకపోతే గాయం మానడం కష్టం, ఇన్ఫెక్షన్ భయం. నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి.

నన్ను ఆపరేషన్ అయిన మర్నాడే నడిపించారు. ఆ లాగుడు పోయిందని మంచం దిగగానే తెలిసింది. మొద్దుబారడం మాత్రం అంత త్వరగా పోలేదు. ఇప్పటికీ ఎడమ చెప్పు జారిపోతే కొన్నిసార్లు తెలియదు, నాలుగడుగులు వేశాక చూసుకుంటాను. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొంత మిగిలిపోవచ్చు. ఇది నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే ఆపరేషన్ ఫెయిలైందని దిగులు పడతారు. మొదటి ఆరు వారాలు బిందెలు, గ్యాస్ సిలిండర్లు ముట్టుకోనివ్వకండి. కింద కూర్చోవడం, వంగి మెలితిరగడం కూడా వద్దు. నూటికి అయిదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్లీ జారే అవకాశం ఉంది.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, చెప్పిన ఆపరేషన్ అందులో వస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి. వంగి తీసిన ఎక్స్‌రేల్లో ఏం తేలిందో, మునివేళ్ల మీద లేవగలిగారో లేదో ఇక్కడే రాయండి, చూస్తాను.